చివరి నలభై ఫోటోలు

సెప్టెంబరు 9

మరలమ్మకు,

నేను మీ వదినను. కవరు మీద నా రాత చూసి హడలిపోకు. ఫోనే చేద్దామనుకున్నాను. మా రెండు గదుల ఇంట్లో ఏ మూల నిలబడి గుసగుసలాడినా మీ అన్నయ్య చెవిన పడుతుంది. నీ ఊసు వినబడితే ఒంటికాలి మీద లేస్తారు, ఇప్పుడు ఆయన అలా లేవకూడదు. అందుకని మా డ్రైక్లీనింగ్ షాపు కౌంటరు వెనక కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా షాపు చిరునామాకే రాయి.

మీ అన్నయ్యకు గుండె బలహీనపడింది. చెయ్యాల్సిన పనిలో సగం కూడా చెయ్యడం లేదట. ముప్పయ్యేళ్ళు ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసిన మనిషి, ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో. మెట్లెక్కొద్దని డాక్టరుగారు అంటే ఆయనకే నవ్వొచ్చింది. ఇంకా ఎన్నాళ్ళని నేను అడగలేదు, డాక్టరుగారూ చెప్పలేదు.

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్న మనిషి ఊరుకుంటారా. ఆస్పత్రి వరండాలో ఏదో పత్రికలో ఒక ఫోటో చూశారు. ఎర్రగా, గులాబీ పువ్వులా ఉన్న మేఘం. ఆకాశంలో ఎక్కడో ఉంటుందట, కంటికి కనబడదట, ఎవరో మనలాంటి మనిషే ఇంటి డాబా మీద కెమెరా పెట్టి తీశాడట. ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని వచ్చేశారు, ఈ వయసులో దొంగతనం. అప్పట్నుంచి ఒకటే పాట, అలాంటిది తన చేత్తో ఒక్కటి తియ్యాలని. కాగితం మీద మూడు రకాల కెమెరాలు రాసుకున్నారు. మామూలుది, ఐసుపెట్టెలా చల్లబడేది, నలుపు తెలుపుది. ఇవాళ ఒకటి కొట్టేస్తారు, రేపు మళ్ళీ రాస్తారు. నా తల తినేస్తున్నారు. చొక్కా మీద మరక చూపిస్తే అదేం మరకో చెప్పగలను గానీ, కెమెరాల సంగతి నాకేం తెలుసు.

నువ్వు రోజూ కెమెరాల పొట్టలు కోసేదానివి. మొదటిసారి కొనేవాళ్ళకు ఏది నయమో చెప్పు. నిన్ను అడిగానని మాత్రం ఆయనకు తెలియకూడదు.

నీ వదిన

సెప్టెంబరు 17

వదినా,

నీ ఉత్తరం సర్వీస్ సెంటర్లో నా బల్ల మీద, విప్పిన లెన్సు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. మరలమ్మ అని నన్ను ఆరేళ్ళుగా ఎవరూ పిలవలేదు. చిన్నప్పుడు విప్పిన ప్రతి మర మీదా ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టేదాన్నని అన్నయ్య పెట్టిన పేరు. ఆ పేరు పెట్టినవాడే మాటలు మానేస్తే ఇంకెవరు పిలుస్తారు.

అన్నయ్య కోపం అన్యాయమని నేను ఎప్పుడూ అనలేదు. అమ్మకు బాగాలేని ఆ రాత్రి "వాడు డ్యూటీలో ఉన్నాడు, పొద్దున చెబుదువుగాన్లే" అని అమ్మే అంది. నేనూ సరే అనుకున్నాను. తెల్లారేసరికి అమ్మ లేదు. దాచాలని కాదు, పొద్దునే చెబితే సరిపోతుందనుకున్నాను. సరే, అదంతా ఇప్పుడెందుకు.

కెమెరా సంగతికి వద్దాం. చల్లబడేది గొప్పదే, కానీ దాని పక్కన ఎప్పుడూ కంప్యూటరూ కరెంటూ ఉండాలి. నలుపు తెలుపుదానికి ఒక్కో రంగుకీ ఒక్కో అద్దం మార్చి మార్చి తియ్యాలి, పని మూడింతలు. మొదటిసారే అలాంటివి కొన్నవాళ్ళు మూడు నెలలు తిరక్కుండా మా దగ్గరికి తెచ్చి ఎవరికైనా అమ్మిపెట్టమంటారు. మామూలు కెమెరా చాలు, పాతదైనా చాలు. అయితే ఒక మెలిక ఉంది. ఆ మేఘానిది మామూలు ఎరుపు కాదు. కెమెరాలో సెన్సరు ముందు ఒక సన్నని గాజుపలక ఉంటుంది, అది ఆ ఎరుపును లోపలికి సరిగా రానివ్వదు. ఆ పలక తీసేసిన కెమెరా కావాలి. కెమెరా ఒక్కటే ఉన్నా లాభం లేదు. ఆకాశంతో పాటు దాన్ని మెల్లగా తిప్పే చిన్న మోటారు పెట్టె ఉండాలి, లేకపోతే చుక్కలన్నీ గీతలైపోతాయి. మోటార్లూ గేర్లూ అన్నయ్యకు నేను నేర్పాలా ఏమిటి.

ఇంట్లో కంప్యూటరు ఉందా? డాబాకు ఎన్ని మెట్లు? చుట్టుపక్కల దీపాలు ఎక్కువా? త్వరగా రాయి. ఆ మేఘం చలికాలంలో మూడు నెలలే అందుతుంది. ఈసారి తప్పితే ఏడాది ఆగాలి. నువ్వు రాసిన గుండె సంగతి చదివాక, ఏడాది అనే మాట రాయడానికే నాకు భయంగా ఉంది.

మరలమ్మ

సెప్టెంబరు 28

మరలమ్మకు,

కంప్యూటరు లేదు. నా ఫోను ఉంది, అదీ ఒక మూల పగిలింది. మా గుమ్మం నుంచి డాబాకు పద్దెనిమిది మెట్లు. వెనకవైపు గోడౌను గోడ, దాని అవతల అంతా చీకటే.

నీ ఉత్తరం ఎక్కడ దాచాలో తెలియక షాపులోనే, ఎవరూ తీసుకెళ్ళని కోటు జేబులో పెట్టాను. మా షాపులో ఒక నియమం ఉంది. ఉతకడానికి వచ్చిన ప్రతి బట్టకూ జేబులు ఖాళీ చేస్తాం. దొరికిన కాగితాలు చదవం. విలువైనదైతే కవర్లో పెట్టి తిరిగి ఇస్తాం, చెత్తయితే చదవకుండానే చింపేస్తాం. మొగుళ్ళ జేబుల్లో పెళ్ళాలు చూడకూడనివి ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. పందొమ్మిదేళ్ళుగా తెలుసుకోకుండా నెట్టుకొస్తున్నాను.

నేను తెలివిగా "మా కస్టమరు ఒకాయన చెప్పారు, చల్లబడేది వద్దట" అన్నాను. "మీ కస్టమరుకేం తెలుసు" అన్నారు. మర్నాడు గాజుపలక సంగతి చెప్పాను. కాసేపు నా వంక అదోలా చూసి "ఆ కస్టమరు ఏం పని చేస్తాడు?" అన్నారు. "కోట్లు ఉతికించుకుంటాడు" అన్నాను. ఇంకేం అడగలేదు. కాగితం మీద మిగతా రెండూ కొట్టేసి మామూలుది ఒక్కటే ఉంచారు.

ఇప్పుడు అలా పలక పీకేసిన కెమెరా నేనెక్కడినుంచి తేను?

నీ వదిన

అక్టోబరు 15

వదినా,

పార్సెలు షాపుకే వస్తుంది, బరువుగా ఉంటుంది, ఒక్కదానివే ఎత్తకు. కెమెరా పదేళ్ళ పాతది. నా సొంతదే. పలక నేనే తీశాను. దుమ్ము పడకూడదని తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ నాలుగు గంటలు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఏ కస్టమరుకూ ఇంత జాగ్రత్తగా చెయ్యలేదు. లెన్సు, మోటారు పెట్టె, మూడుకాళ్ళ స్టాండు కూడా ఉన్నాయి. ఎవరో వాడి వదిలేసినవి అని చెప్పు.

ఎలా తియ్యాలో, ఎన్ని తియ్యాలో, చివర్లో ఏం చెయ్యాలో ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టెలో పెట్టాను. దాంతో నీకు పని లేదు, అదంతా మరల భాష. అన్నయ్యకు ఇస్తే చాలు.

ఇంకొక్క మాట. తనకు ఏమాత్రం ఎక్కువైనా నాకు ఒక్క ముక్క రాయి. నా మొహం చూడనన్నా సరే, వచ్చి మెట్ల మీదైనా కూర్చుంటాను.

మరలమ్మ

నవంబరు 3

మరలమ్మకు,

దొరికిపోయాం.

పెట్టె విప్పి, కెమెరా సంగతి తర్వాత అన్నట్టు, ముందు నీ కాగితం తీశారు. నేను చదవలేదు, నా అలవాటు నీకు తెలుసుగా. రెండువైపులా చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. రెండోసారి కళ్ళద్దాలు తీసేసి చదివారు, అవి లేకుండా ఆయనకు అక్షరం ఆనదు. తర్వాత "నీ కస్టమరు మరల మీద ఎర్ర పెన్సిలుతో గుర్తులు కూడా పెడతాడా" అన్నారు. నేను పెట్టె మూత మళ్ళీ వెయ్యబోయాను. "వెనక్కి పంపించెయ్యనా" అన్నాను చివరికి. "ఉండనీ" అన్నారు. అంతే.

ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. చొక్కా మార్చినప్పుడల్లా అదీ మారుతోంది. పగలంతా మోటారు పెట్టె గేర్లకు గ్రీజు పెడుతూ కూర్చుంటున్నారు. మెట్లు ఎలా ఎక్కుతారయ్యా అంటే, మెట్టుకో నిమిషం, పద్దెనిమిది నిమిషాలు అని లెక్క చెప్పారు. మధ్య మలుపులో స్టూలు వేశాను. సామానంతా నేనే పైకి మొయ్యాలి. మీ అన్నాచెల్లెళ్ళ సరదాకు నా నడుము విరుగుతోంది.

నీ వదిన

నవంబరు 12

వదినా,

"ఉండనీ" అన్నాడా. ఆ మాట ఎలా అన్నాడు, విసుక్కుంటూనా, మామూలుగానా? నీ ఉత్తరంలో అది లేదు. నువ్వు గ్రీజు గురించి అంత రాసే బదులు అది రాసి ఉండాల్సింది.

నేను ఇవాళ మూడు కెమెరాలు తప్పుగా బిగించి, మళ్ళీ విప్పాను. కుర్చీలో కూర్చున్నానే గానీ మనసు మీ డాబా మీదే ఉంది. వస్తానని అడగను. తను రమ్మంటే మాత్రం ఆ పూటే బయల్దేరతాను.

మరలమ్మ

జనవరి 8

మరలమ్మకు,

ఆలస్యమైంది. డిసెంబరు నెలాఖరులో మీ అన్నయ్యను నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. కాళ్ళు వాచాయి, ఆయాసం. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. మంచం దిగి నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటున్నారు. అయినా మబ్బు లేని రోజున మెట్లెక్కడం మానరు. నేను అరిచి గీపెట్టినా వినరు. చలికి తలకు నా శాలువా చుట్టుకుని, కెమెరా పక్కన కుర్చీ వేసుకుని, గంటా గంటన్నర కూర్చుంటారు.

ఏమైనా వచ్చిందా అని కెమెరా వెనక తెరలోకి తొంగి చూడబోతే చేత్తో మూసేశారు. "ఇప్పుడే చూడకు" అన్నారు. నాకైతే ఏమీ రావడం లేదనే అనుమానం. వస్తే నాకు చూపించకుండా ఉంటారా. పాత తాళం బాగుచేసినా పిలిచి చూపించే మనిషి. పాపం, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు ఆనడం లేదు, ఒప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు. నేనూ అడగడం మానేశాను.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నిన్ను రమ్మని రాయనా అని అడిగాను. వద్దన్నారు. నువ్వు ఎదురుచూస్తావని చెబుతున్నాను, బాధపడకు.

నీ వదిన

జనవరి 17

వదినా,

వద్దన్నాడు కదా, సరే.

కెమెరా ఉంచుకున్నాడని నేనే ఏదేదో ఊహించుకున్నాను. వస్తువు వేరు, మనిషి వేరు. వస్తువు మంచిదైతే ఎవరైనా ఉంచుకుంటారు. మందులు వేళకు వేస్తున్నావా? ఉప్పు తగ్గించు. నా గురించి ఇంక ఎత్తకు, తన గుండెకు మంచిది కాదు.

మరలమ్మ

మార్చి 4

మరలమ్మకు,

ఆ రోజు నేను ఫోన్ చెయ్యగానే వచ్చావు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయావు. అంతమంది మధ్యలోంచి నేను లేచి రాలేకపోయాను. తలెత్తి చూసేసరికి నువ్వు లేవు.

ఇల్లంతా ఖాళీగా ఉంది. పొద్దున్నే రెండు గ్లాసుల టీ పెడుతున్నాను, రెండోది సింకులో పోస్తున్నాను. షాపుకి వెళ్తున్నాను. ఇస్త్రీ చేసిన ప్యాంట్లు మడతపెడుతుంటే అందులో ఆయన కొలతవి ఒకటో రెండో వస్తాయి. అప్పుడు కాసేపు బాత్రూములోకి వెళ్ళి వస్తాను. షాపులో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అడగరు.

కెమెరా విడిగా పంపిస్తున్నాను. పోయే ముందు రోజు పొద్దున టీ తాగుతూ "ఆ కెమెరా దానికి పంపించెయ్" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. చివరికి నీ వస్తువు కూడా ఇంట్లో ఉండకూడదనుకున్నారు కాబోలు. ఏం చెయ్యను, మొండి మనిషి. ఆయన తరఫున నేను క్షమించమంటున్నాను.

అంతకు ముందు రాత్రి కూడా డాబా ఎక్కారు. దిగాక చాలా హుషారుగా ఉన్నారు. నాకు అప్పుడేమీ అర్థం కాలేదు.

పంపే ముందు అందులో ఏముందో చూశాను. ఒకరి వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు అందులో మనవేమీ మిగల్చకూడదు కదా. నాలుగు వందల పైచిలుకు ఫోటోలున్నాయి. అన్నీ నల్లగా ఉన్నాయి, అక్కడక్కడా నాలుగు చుక్కలు. గులాబీ లేదు, ఏమీ లేదు. చివరి నలభై అయితే మరీ కటిక నలుపు, చుక్క కూడా లేదు. మూత తియ్యడమే మరిచిపోయి తీసుకుంటూ కూర్చున్నారు పాపం. అవి చూసి చాలాసేపు ఏడ్చాను. మూడు నెలలు, అంత ఆయాసంతో, మెట్టుకో నిమిషం ఎక్కి తీసింది అది. అది నువ్వు చూడకూడదనుకున్నాను. చేతనైన పనివాడని పేరున్న మనిషి, చెల్లెలి ముందు చిన్నబోకూడదు. అందుకని ఫోటోలుండే ఆ చిన్న కార్డు కెమెరాలోంచి తీసి కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబండిలో వేసేశాను. కెమెరా తుడిచి, శుభ్రంగా పంపిస్తున్నాను.

నీ వదిన

మార్చి 13

వదినా,

ఈ ఉత్తరం రాయకుండా ఉండొచ్చు. నువ్వు చేసింది మంచిదే, అందులో ఏమీ లేదు అని రెండు ముక్కలు రాసి పడెయ్యొచ్చు. మూడు రోజులు అలా రాయడానికే చూశాను. కానీ ఒకసారి, ఒకరికి ఏది ఎప్పుడు తెలియాలో నేనే నిర్ణయించి, మా అన్నయ్యను పోగొట్టుకున్నాను. నీ విషయంలో మళ్ళీ ఆ పని చెయ్యను. కూర్చుని చదువు.

ఆ ఫోటోలు నల్లగానే ఉంటాయి. ఎవరు తీసినా అలాగే ఉంటాయి. ఆ మేఘం వెలుగు ఎంత తక్కువంటే, ఒక్క ఫోటోలో కంటికి ఏమీ ఆనదు. వందల ఫోటోలు కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి కలిపితే, అప్పుడు మెల్లగా ఎరుపు పైకి వస్తుంది. గులాబీ ఆ నలుపులోనే ఉంది. చుక్కలు గీతలుగా కాకుండా చుక్కలుగా ఉన్నాయని నువ్వే రాశావు. అంటే మోటారు సరిగా పెట్టాడు, గురి సరిగా పెట్టాడు. తను బాగా తీశాడు వదినా.

మూత తియ్యడం మరిచిపోలేదు. నేనే పెట్టమన్నాను. కెమెరా తనంతట తను పుట్టించే, కంటికి ఆనని చెత్త చుక్కలు కొన్ని ఉంటాయి. మూత పెట్టి తీస్తే అవి మాత్రమే వస్తాయి, కలిపేటప్పుడు వాటిని తీసేస్తాం. "పనంతా అయ్యాక, ఇంక తియ్యనని అనుకున్నప్పుడు, చివర్లో మూత పెట్టి నలభై" అని కాగితంలో రాశాను. ఆ నలభై తీశాడంటే పని పూర్తి చేశాడన్నమాట. అందుకే ఆ రాత్రి హుషారుగా దిగాడు.

ఇప్పుడు ఆలోచించు. మీ ఇంట్లో కంప్యూటరు లేదు. కలపడం అన్నయ్యకు రాదు. కాగితం చివర నేను ఒక్క వాక్యం రాశాను, "ఎవరూ లేకపోతే నాకు పంపు, నేను కలుపుతాను" అని. పంపుతాడని ఆశ లేకుండానే రాశాను. ఆ నలభై, కలిపేవాళ్ళకోసం తప్ప ఇంకెందుకూ పనికిరావు. కెమెరా నాకు పంపించెయ్ అన్నది నా వస్తువు నా మొహాన కొట్టమని కాదు. కార్డు అందులోనే ఉందనుకున్నాడు.

తప్పు నీది కాదు. ఆ నాలుగు ముక్కలు నీకూ రాసి ఉంటే ఇలా అయ్యేది కాదు. మరల భాష, నీకు పని లేదు అన్నాను. ఎంత పొగరు నాకు. చెత్తబండి ఎక్కడికి వెళ్తుందో కనుక్కుని వెళ్ళాలని కూడా అనిపించింది. పది రోజులు దాటింది, కత్తిరించిన కార్డు, దొరికినా ఏం లేదు. బల్ల కింద కూర్చుని ఏడ్చాను. మా ఓనరు దీపం ఆర్పకుండా తాళం చెవి అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

మా అన్నయ్య నాతో మాట్లాడాడు వదినా. ఆరేళ్ళ తర్వాత, నాలుగు వందల ఫోటోలతో. నేను వాటిని చూడలేదు, అంతే. నువ్వు చూశావు. ఎలా ఉన్నాయో నువ్వు రాసిన ఆ నాలుగు వాక్యాలే నాకు మిగిలాయి. అవి కూడా రాయకుండా ఉంటే ఇది కూడా నాకు తెలిసేది కాదు.

మరలమ్మ

ఏప్రిల్ 7

మరలమ్మకు,

నీ ఉత్తరం చేరి మూడు వారాలైంది. మొదటి వారం నీ మీద పళ్ళు నూరాను. ఎందుకు చెప్పావు, నన్ను నా మూర్ఖత్వంలో ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది అనుకున్నాను. రెండో వారం షాపులో కత్తెర పట్టుకోలేకపోయాను. దారాలు పళ్ళతో కొరుకుతుంటే పక్కనామె తిట్టి, తన కత్తెరతో తనే కత్తిరించి ఇచ్చింది.

మూడో వారం నుంచి ఇంకోటి తొలుస్తోంది. నువ్వు దాచకుండా చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి.

డిసెంబరులో, ఆస్పత్రి మంచం మీద, నిన్ను రమ్మని రాయనా అని అడిగినప్పుడు మీ అన్నయ్య వద్దు అని ఊరుకోలేదు. "ఇప్పుడే వద్దు. పని అవ్వనీ. అయ్యాక నేనే రమ్మంటా" అన్నారు. నేను నీకు "వద్దన్నారు" అని రాశాను. అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. నువ్వొస్తే ఇద్దరూ ఏడుస్తారు, ఆయన గుండె తట్టుకోదని భయపడ్డాను. భయం ఒక్కటే కాదు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను, మెట్లెక్కొద్దంటే నా మాట ఒక్కటీ వినలేదు. నీ కాగితంలో మాట మాత్రం పొల్లు పోకుండా విన్నారు. ఆ కాగితం రోజూ జేబులోంచి తీసి చదువుతుంటే నాకు ఒళ్ళు మండేది. అందుకే ఆ రెండు మాటలూ మింగేశాను. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. తర్వాత లేదు.

ఆయన పోయిన రోజు నువ్వు గుమ్మం దాటలేదు. వద్దన్నవాడి ఇంట్లోకి ఎలా వెళ్ళను అనుకుని ఉంటావు. నిన్ను అక్కడ నిలబెట్టింది మీ అన్నయ్య కాదు, నేను.

నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో తిట్టకు. వచ్చి, లోపలికి వచ్చి తిట్టు.

నీ వదిన